శివారు మదుము దగ్గర గేజి పలక పెట్టండి: సాగునీటి పెద్దలకు ఒక మాజీ లస్కరు బహిరంగ లేఖ

సాగునీటి వ్యవహారాలు చూసే ఇంజనీర్లకు, జిల్లా అధికారులకు, మా ఓట్లతో గెలిచిన ప్రజాప్రతినిధులకు,

నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక పంట కాలువ మీద ముప్పై ఒక్క ఏళ్ళు లస్కరుగా, అంటే కాలువ మీద తిరుగుతూ నీటి మట్టం రాసి షట్టర్లు లేపి దించే చిన్న ఉద్యోగిగా, పనిచేసి దిగిపోయాను. ఇప్పుడు అదే కాలువ శివారున రెండెకరాలు సొంతం, ఎకరన్నర కౌలు కలిపి వరి పండిస్తున్నాను. కాలువ పేరు గాని, నేను అర్జీలు ఇచ్చిన ఆఫీసు పేరు గాని ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఎవరో ఒక చిన్న ఉద్యోగిని బదిలీ చేసి చేతులు దులుపుకుంటారు, మా మడికి నీరు రాదు. నేను చెబుతుంటే టైపు చేస్తున్నది నా కూతురు. నైర వ్యవసాయ కళాశాలలో చదువుతోంది. ఈ ఉత్తరంలో లోకం లెక్కలు తనవి, కాలువ లెక్కలు నావి.

రెండేళ్ళలో మూడు అర్జీలు పెట్టాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోదానికి ఫోనుకి మెసేజి వచ్చింది, "మీ సమస్య పరిష్కరించబడినది" అని. అది వచ్చినప్పుడు నేను మడిలోనే ఉన్నాను. నెర్రెలో చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగింది. పక్క మడి రైతు అడిగాడు, "ఏటి బావూ, నీరొస్తాదంటనా?" అని. ఫోను చూపించాను. చదివి నవ్వాడు. మూడో అర్జీకి ఆ మెసేజి కూడా రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మీ దగ్గరున్న నీటి లెక్క కాలువ తల దగ్గర రాసిన లెక్క. తిండి గింజ పండేదీ ఎండేదీ శివారున. అక్కడ లెక్క రాసేవాడు లేడు. ఇంతకుముందు రాసినవాడిని నేనే, అది ఎలా రాశానో ముందు చెప్పి తర్వాత మిగతాది చెబుతాను.

1. లస్కరుకి ఒక గేజి పుస్తకం ఉంటుంది. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి గేజి పలక మీద నీరు ఏ గీత దగ్గర ఉందో చూసి అంకె వేయాలి. నా రీచిలో, అంటే నేను చూసే కాలువ ముక్కలో, మూడు చోట్ల గడులు నింపాలి: తల, నడుమ, శివారు. తల దగ్గర పలక ఉంది. నడుమ పలక మీద రంగు పోయినా గీతలు వేలికి తగిలేవి. శివారు పలక ఒక వరదలో కొట్టుకుపోయింది. కొత్తది పెట్టమని నోటితో చెప్పాను, కాగితం మీద రాయించాను, రాలేదు. పలక లేదు గాని పుస్తకంలో గడి ఉంది కదా. ఖాళీగా వదిలితే పైనుంచి అడుగుతారు. తల దగ్గర మూడడుగులుంటే శివారున అడుగు అని వేసేవాడిని. రెండున్నర ఉంటే అర అడుగు. ఒక్కో రోజు సైకిలు తొక్కుకుంటూ శివారు దాకా వెళ్ళే ఓపిక లేక ఇంటి అరుగు మీదే కూర్చుని వేశాను. ఆ అడుగు నీరు నా పెన్నులోంచే పారింది. నా అంకె సెక్షనుకి, సెక్షను నుంచి సబ్ డివిజనుకి, అక్కడి నుంచి ఇంకా పైకి వెళ్ళి చివరికి "ఆయకట్టుకి పూర్తిగా నీరందించాం" అనే వాక్యమై పత్రికల్లో వచ్చేది. ఇప్పుడు నేను శివారు రైతుని. అప్పుడు నేను రాసిన అంకె నా మడికే వచ్చి తగిలింది. ఇది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. ఇంకో తప్పు కూడా ఉంది. పై ఊరి పెద్దమనిషి పిలిచి టీ ఇప్పించి అడిగితే, ఆయన మదుము (కాలువ నుంచి పొలాలకి నీరు వదిలే తూము) షట్టరు రాత్రి రెండంగుళాలు ఎక్కువ లేపి ఉంచిన రోజులున్నాయి. రెండంగుళాలే కదా అనుకునేవాడిని.

2. అలా పైన మళ్ళిపోయిన నీటి విలువ ఎంతో ఈమధ్యే మా అమ్మాయి నాకు లెక్క కట్టి చూపించింది. మీలో ఇంజనీర్లున్నారు, తప్పుంటే దిద్దండి. ఎకరా మడిలో ఐదు సెంటీమీటర్ల ఎత్తున నీరు నిలబెడితే అది దాదాపు రెండు లక్షల లీటర్లు. ఒక తడి అంటే మాకు ఇంతే. క్యూసెక్కు అంటే సెకనుకి 28 లీటర్ల పైచిలుకు. అంటే ఒక క్యూసెక్కు నీరు రెండు గంటలు సూటిగా మడిలోకి పారితే ఎకరాకి ఒక తడి. మా మదుము కింద శివారు భూమి మూడొందల ఎకరాల దాకా ఉంది. ఐదు క్యూసెక్కులు ఐదు రోజులు రాత్రీ పగలూ వస్తే మొత్తం తడుస్తుంది. కాలువలో ఇంకేది, గట్లలో కారేది కలిపితే ఏడు రోజులనుకోండి.

అక్టోబరులో వరి పొట్టకి వచ్చిన సమయంలో ఆ ఒక్క తడి పడకపోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. కంకి సగం బయటికొచ్చి ఆగిపోతుంది. వచ్చిన కంకిలోనూ తాలే ఎక్కువ. ఎకరాకి పాతిక బస్తాలు రావలసిన చోట పన్నెండు వస్తాయి. మా దగ్గర బస్తా అంటే 80 కిలోలు. మూడొందల ఎకరాల మీద పోయిన సగం పంట 300 టన్నుల ధాన్యం. మరాడిస్తే 200 టన్నుల బియ్యం. రేషను కార్డు మీద మనిషికి నెలకి ఐదు కిలోలు, ఏడాదికి 60 కిలోలు. ఆ లెక్కన మూడు వేల మూడొందల మంది ఏడాది పొడుగునా తినే రేషను బియ్యం పోయింది. ఒక్క మదుము కింద, వారం రోజుల నీటికి! అమ్మాయి ఈ అంకె కాగితం మీద రాసి నా ముందు పెట్టింది. నేను పెన్ను తీసుకుని మళ్ళీ రెండుసార్లు కూడాను. అదే వచ్చింది.

3. "వాన తక్కువైతే మేమేం చేస్తాం" అని ఒక అధికారి నాతో అన్నారు. వాన తక్కువైన ఏడాదే చెబుతాను. 2023 ఆగస్టు. దేశం మొత్తం మీద 1901 నుంచి లెక్కలు చూస్తే అంత పొడి ఆగస్టు లేదు, వాన 36 శాతం తక్కువ పడింది. ఎల్ నినో ఏడాది. జూన్ చివర్లో ఆకుమడి (నారుమడి) పోశాను, 1061 రకం వరి. పాతిక ముప్పై రోజుల ఆకు తీసి ఉభాలు (నాట్లు) చేయాలి. దమ్ముకి నీరు లేదు. ఆకు ముదిరి కణుపులు వేసింది. నలభై ఎనిమిదో రోజున గెడ్డలో (వాగులో) గుంటలు తవ్వి, ఆయిలింజను అద్దెకి తెచ్చి తోడుకున్నాం. డీజిలుకే ఎకరాకి నాలుగు వేలయింది. ముదురు ఆకు పిలకలు పెట్టదు. ఎకరాకి పదకొండు బస్తాలు దిగింది.

ఆ ఏడాది బాధ మా శివారుతో ఆగలేదు. ఆగస్టు ఎండకి ముందే, దేశంలో బియ్యం ధర పెరుగుతోందని 2023 జూలై 20న కేంద్రం బాసుమతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. 2024 సెప్టెంబరు చివరి దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ప్రపంచంలో దేశాల మధ్య అమ్ముడయ్యే బియ్యంలో 40 శాతం దాకా మనదే. మనం తలుపు వేస్తే, ఆగస్టుకల్లా ప్రపంచ బియ్యం ధర పదిహేనేళ్ళలో ఎన్నడూ లేనంత ఎత్తుకి పోయింది. మన కాకినాడ రేవు నుంచి ఓడలెక్కే బియ్యం ఆఫ్రికాలో బెనిన్, సెనెగల్ లాంటి చోట్ల కూలి జనం తింటారట. మా మడి నెర్రె విచ్చితే అక్కడెవరో ఒకమ్మ కొట్టు ముందు నిలబడి చేతిలో డబ్బు లెక్కపెట్టుకుని వెనక్కి తిరిగిందన్నమాట. ఈ సంగతి మా అమ్మాయి చెప్పేదాకా నేను ఎన్నడూ ఆలోచించలేదు. మీరు ఆలోచించారా?

4. ఇంకో లోకం లెక్క. మనుషులు నదుల్లోంచి, భూమిలోంచి తోడే మంచినీటిలో 70 శాతం దాకా సేద్యానికే పోతుంది. నీటి వసతి ఉన్న భూమి ప్రపంచ సాగుభూమిలో ఐదో వంతే గాని, పండే తిండిలో 40 శాతం దాని మీదే వస్తుంది. మన దేశంలో ప్రపంచ జనాభాలో 18 శాతం మంది ఉన్నారు, నీరు 4 శాతమే ఉంది. ఇన్నాళ్ళూ దేశానికి బియ్యం గోధుమలు పెట్టిన పంజాబులో, భూమిలోకి ఏటా ఇంకే నీటికి ఒకటిన్నర రెట్లకి పైగా తోడేస్తున్నారు. అది ఎన్నాళ్ళో సాగదు. రేపు దేశం గింజల కోసం ఎటు చూస్తుంది? వానలు పడే చోటు వైపు. ఏడాదికి 1,100 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే మన శ్రీకాకుళం, విజయనగరం వైపు. వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుద ఉన్న వైపు. నైరుతి నాలుగు నెలల్లో ఏడొందల మిల్లీమీటర్లు పడుతుందనుకుంటే ఎకరా మీద 28 లక్షల లీటర్లు ఆకాశమే ఇస్తోంది. కిలో వడ్లకి సగటున 2,500 లీటర్ల నీరు కావాలంటారు శాస్త్రవేత్తలు. పాతిక బస్తాలకి 50 లక్షల లీటర్లు. సగానికి పైగా దేవుడే పోశాడు, మిగతాది మీరు వేళకి పోయాలి. వేళకి. సెప్టెంబరులో మూడు తడులు ఎక్కువిచ్చి అక్టోబరులో ఒక్కటి ఎగ్గొడితే, ఇచ్చిన మూడూ వృథా.

"నీరు లేని చోట చిరుధాన్యాలు వేసుకోండి" అనేవాళ్ళకి ఒక మాట. విజయనగరం పరిశోధన కేంద్రం ఇచ్చిన చోడి (రాగి) రకాలు మా మెట్ట మీద వేస్తాం. మా తాతలు చోడి అంబలి తాగే బతికారు, మాకు చిన్నతనం లేదు. గాని శివారు భూములు పల్లం. ఆగస్టులో ఎండి, సెప్టెంబరు ముసురులో మోకాలి లోతు నిలిచే మడిలో చోడి వేస్తే కుళ్ళిపోతుంది. ఆ మడి వరికే పుట్టింది.

5. పై రైతుని నేను తిట్టను. ముప్పై ఏళ్ళు వాళ్ళ గట్ల మీదే తిరిగాను, వాళ్ళ భయం తెలుసు. ఈ రోజు కాలువలో నీరుంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో లస్కరుకే తెలీదు, ఇక రైతుకేం తెలుస్తుంది? అందుకని వచ్చినప్పుడే జానెడు లోతు నిలబెట్టి గట్టు వేసేస్తాడు. దాహం వేసి కాదు, భయమేసి తాగుతున్న నీరది. వరికి ఎప్పుడూ నీరు నిలబడి ఉండక్కర్లేదని, తడి ఆరి మళ్ళీ తడిపితే 30 శాతం దాకా నీరు మిగులుతుందని నైరలో పాఠం చెబుతారు. చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గొట్టం మడిలో పాతి, లోపల నీరు నేలకి ఆరంగుళాలు కిందికి దిగాక మళ్ళీ కట్టాలి. అమ్మాయి మా మడిలో పెట్టి చూపించింది, బాగానే ఉంది. కాని రేపు గొట్టంలో నీరు ఆరంగుళాలు దిగినప్పుడు కాలువలో నీరుంటుందని ఎవరు హామీ? వంతు తప్పదని నమ్మకం ఉన్నవాడే మడి ఆరబెడతాడు. ముందు నమ్మకం ఇవ్వండి, పొదుపు రైతు నేర్చుకుంటాడు. వంతు నిలబెట్టకుండా రైతుకి పొదుపు మీద శిక్షణ శిబిరాలు పెట్టి భోజనాలు పెట్టడం ఎందుకో నాకు అర్థం కాదు. భోజనం మాత్రం బాగుంటుంది, అబద్ధం చెప్పను.

6. పంట పోతే ఎవరికి ఏం పోతుందో వరసగా చెబుతాను.

భూమి సొంతమున్నవాడికి ఆదాయం పోతుంది. కౌలు రైతుకి ఆదాయంతో పాటు అప్పు మిగులుతుంది. కౌలు గింజలు పంట వచ్చినా రాకపోయినా కొలవాలి. కౌలు కార్డు లేనివాడికి బ్యాంకు అప్పూ లేదు, నష్టపరిహారమూ లేదు. మా శివారులో సగం మంది వాళ్ళే.

ఉభాల కూలి, కలుపు కూలి, కోత కూలి ఆడవాళ్ళవి. పంట పోతే ఆ డబ్బు ముందే ఆగిపోతుంది. ఇంట్లో పప్పు పల్చబడుతుంది, తర్వాత గుడ్డు ఆగిపోతుంది, తర్వాత పిల్లకి కొనే పాలు. ఇది ఏ నివేదికలోనూ రాదు.

గడ్డి. గడ్డి సంగతి ఎవరూ మాట్లాడరు. కుప్ప లేకపోతే సంక్రాంతి వెళ్ళేసరికి పాడి గేదె సంతకి పోతుంది. 2023 పంట పోయాక మా వీధిలో నాలుగు గేదెలు అమ్ముకున్నారు. ఒకటి మాది. కొన్నవాడు తాడు పట్టుకుని లాగుతుంటే అది మా ఆవిడ వైపు మెడ తిప్పి నిలబడింది. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఆ సంవత్సరం మా ఇంట్లో పెరుగు కొనుక్కున్నాం.

ఇక కుర్రాళ్ళు. ఉభాలు లేకపోతే ఆగస్టులోనే బయలుదేరతారు. విశాఖకి, హైదరాబాదుకి, చెన్నైకి భవనాల పనికి. 2019 వేసవిలో చెన్నైకి నీరిచ్చే చెరువులన్నీ ఎండి రైలులో నీరు తెచ్చుకున్నారు చూడండి, అప్పుడు మా ఊరి కుర్రాళ్ళు అక్కడే ఉన్నారు. నీరు లేక ఊరు వదిలినవాళ్ళు, అక్కడ ట్యాంకరు దగ్గర బిందెతో నిలబడ్డారు.

7. తాగునీరు ముందు, సాగునీరు తర్వాత. దీని మీద మాకు పేచీ లేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఇళ్ళకి ఇళ్ళు ఖాళీ అయిన సంగతి మాకు తెలుసు. ఆ జబ్బుకి అసలు కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ తేల్చలేదు. నేల నీటి బదులు హిరమండలం జలాశయం నీటిని గొట్టాల్లో అక్కడికి పంపడం మంచి పని. మా చుట్టాలు అక్కడున్నారు. కాకపోతే ఇచ్చే నీరు ఎంత, మిగిలేది ఎంత అన్నది జూన్‌లోనే కాగితం మీద పెట్టి అందరికీ చెప్పండి. తెలిస్తే ఎన్ని ఎకరాలు ఉభాలు చేయాలో మేమే తేల్చుకుంటాం.

8. పెద్ద మాటలు కూడా ఒకటి రెండు ఉన్నాయి. వంశధార నీటిని ఒడిశాతో సగం సగం పంచుకోవాలని 1962లో ఒప్పందం అయింది. వివాదం మీద ట్రైబ్యునల్ 2017 సెప్టెంబరులో 115 టీఎంసీలు లెక్కగట్టి చెరి సగం ఇచ్చింది, నేరడి బ్యారేజీకి ఒప్పుకుంది. ఆ బ్యారేజీ ఇంకా కాగితం మీదే ఉంది. కట్టండి, సంతోషం. హిరమండలం జలాశయం 19 టీఎంసీలు పట్టేలా కట్టారు, అదీ సంతోషమే. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. పక్క రాష్ట్రంతో టీఎంసీ కోసం ఏళ్ళ తరబడి కొట్లాడే ప్రభుత్వం, ఆ టీఎంసీ కాలువలోకి దిగాక ఎక్కడ పోయిందో చూడటానికి ఒక చెక్క పలక, ఒక మనిషి పెట్టలేకపోతోంది. నేను దిగిపోయాక నా స్థానంలో ఎవర్నీ వేయలేదు. పక్క రీచి లస్కరే రెండూ చూస్తున్నాడు. ఇరవై కిలోమీటర్ల కాలువ, ఒక పాత మోపెడ్, పెట్రోలు తన జేబులోంచి. అతను శివారు గడి ఎలా నింపుతున్నాడో నన్ను అడగక్కర్లేదు.

ఇవీ మా కోరికలు.

ఒకటి. ప్రతి పిల్ల కాలువ చివరి మదుము దగ్గర గేజి పలక పెట్టండి. రాయి మీద గీతలు చెక్కి రంగు వేసినా చాలు, సెన్సార్లు మేం అడగడం లేదు. రోజూ అక్కడి ఫోటో, తేదీ, సమయంతో సహా, ఊరి సచివాలయం గోడ మీద, రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పలక లేని చోట గడి ఖాళీగా వదిలేయమని లస్కర్లకి రాతపూర్వకంగా చెప్పండి. ఖాళీ గడి చూసి ఎవర్నీ కసరొద్దు. నాలాంటివాడు అబద్ధం రాసింది ఆ కసురుడికి భయపడే. ఈ ఒక్కటి చేస్తే మిగతావి వాటంతట అవే దారిలో పడతాయని ముప్పై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను.

రెండు. 1997లో వచ్చిన నీటి సంఘాల చట్టం ప్రకారం ప్రతి పంట కాలానికి వంతుల పట్టిక వేయాలి, నీటి బడ్జెట్ వేయాలి, సామాజిక తనిఖీ జరపాలి. కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నదాన్ని తెరిచి చూడండి. వంతుల పట్టిక శివారు నుంచి మొదలుపెట్టండి: ముందు చివరి మదుముకి, తర్వాత పైకి. పై రైతులు ఒప్పుకోరంటారా? రెండు ఏళ్ళు వంతు తప్పకుండా నడిపి చూపించండి, ఒప్పుకుంటారు. వాళ్ళకి కావలసింది కూడా మాట నిలబడటమే.

మూడు. పూడిక తీత, గుర్రపుడెక్క తీత మే నెలలో అయిపోవాలి. జూలైలో నీరు వదిలాక జేసీబీ దిగడం, బిల్లు అవడం, తీసిన మట్టి గట్టు మీదే వదిలేసి మొదటి వానకి మళ్ళీ కాలువలోకి జారడం ఏటా చూస్తున్నాం. దీని మీద ఇంతకంటే రాయను.

నాలుగు. ఖాళీ లస్కరు పోస్టులు నింపండి. పర్మినెంటు కుదరకపోతే పంట కాలానికైనా, శివారు ఊళ్ళ కుర్రాళ్ళని తీసుకోండి. వాళ్ళ మడి అక్కడే ఉంటుంది కాబట్టి గేజి తప్పు రాయరు. షట్టరు స్క్రూకి గ్రీజు ఎలా పెట్టాలో, గండి పడితే రాత్రిపూట ఇసుక బస్తాలు ఎలా వేయాలో నేర్పడానికి నాలాంటి ముసలివాళ్ళం ఊరికే వస్తాం. కూలి అక్కర్లేదు.

ఐదు. నీరివ్వలేని ఏడాది జూలై 15 లోపు ఇవ్వలేమని చెప్పండి. ఉభాలకి ముందే చెబితే మేం పెసరో మినుమో మెట్టల మీద చూసుకుంటాం, పల్లంలో తక్కువ రోజుల రకం ఎద చల్లుకుంటాం. చెప్పకుండా ఆశపెట్టి ఆగస్టులో చేతులెత్తేయడం వల్లనే ఎక్కువ నష్టం. అలా చెప్పాక పంట లేని మడికి కౌలు కార్డు ఉన్నా లేకపోయినా, సాగుచేసిన వాడి పేరు మీదే పరిహారం రావాలి. ఊళ్ళో ఎవరి మడి ఎవరు దున్నుతున్నారో అందరికీ తెలుసు, ఒక సాయంత్రం రామకోవెల దగ్గర కూర్చుంటే జాబితా అయిపోతుంది.

ఆరు. చెరువులు, గెడ్డలు, బీలలు. 2010 జూలైలో సోంపేట బీల కోసం రైతులు, మత్స్యకారులు థర్మల్ విద్యుత్ కేంద్రానికి అడ్డం నిలబడితే తుపాకులు పేలి ప్రాణాలు పోయాయి. ఆ చిత్తడి నేలల నీటి మీద ఎంతమంది బతుకుతున్నారో లోకానికి అప్పుడు తెలిసింది. ఇప్పుడు పెద్ద ఫ్యాక్టరీ ఏదీ రాకుండానే చిన్న చిన్నగా గెడ్డలు పూడుస్తున్నారు, చెరువు గర్భంలో లేఅవుట్ రాళ్ళు పాతుతున్నారు, ఏటి ఇసుక అడుగంటా తోడుతున్నారు. కాలువ రాని ఏడాది మమ్మల్ని కాపాడింది గెడ్డ నీరే. వాటి హద్దులు రెవెన్యూ రికార్డుల్లో ఉన్నాయి. రాళ్ళు పాతించండి.

ఈ కోరికల్లో ఏ ఒక్కదానికీ కోట్లు అక్కర్లేదు. గేజి పలకకి రాయి మా ఊళ్ళో ఉంది, చెక్కేవాడు పక్క ఊళ్ళో ఉన్నాడు. ఆ మాటకొస్తే మీ కోసం ఆగకుండా మొన్న శనివారం మా శివారు మదుము పక్క సిమెంటు గోడ మీద నేనే టేపు పెట్టి కొలిచి, అంగుళం అంగుళానికి తెల్ల రంగుతో గీతలు గీశాను. అడుగు దగ్గర ఎర్ర గీత. అమ్మాయి రెండొందల పేజీల నోటుబుక్కు కొనిచ్చింది. గడులు గీసి పెట్టాను: తేదీ, పొద్దున, సాయంత్రం. ఈసారి కాలువకి నీరు వదిలిన రోజు నుంచి ప్రతి పూటా నేనే వెళ్ళి చూసి రాస్తాను, నీరు లేని పూట సున్నా అనే రాస్తాను. ప్రతి నెల ఒకటో తారీకున ఆ పేజీలు ఫోటోలు తీసి మీ అందరికీ పంపిస్తాను. మీ పుస్తకంలో శివారు గడి పక్కన పెట్టి చూసుకోండి. రెండూ కలవకపోతే ఎవరినైనా పంపండి, పొద్దున ఆరింటికి నేను మదుము దగ్గరే ఉంటాను.

ఇట్లు,
ఒక మాజీ లస్కరు, ఇప్పటి శివారు రైతు,
శ్రీకాకుళం జిల్లా.